ఆయనకు మిగిలిన ఒక్క మాట

మా వారికి పక్షవాతం వచ్చిన పొద్దున చిక్కడపల్లిలోని మా అద్దె ఇంట్లో ఇద్దరం ఇడ్లీలు తింటున్నాం. చట్నీలో ఉప్పు తక్కువైందని చెప్పబోయారనుకుంటాను. నోరు తెరిచారు. మాట రాలేదు, ఏదో ముద్దగా శబ్దం వచ్చింది. ఆయనే ఆశ్చర్యపోయి నావైపు చూశారు. కుడిచేతిలోని ఇడ్లీ ముక్క పళ్లెంలోకి జారిపోయింది.

ఆయన ఒక ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దారు. నారాయణగూడలోని మా చర్చిలో ఆదివారం వాక్యం చదివేది కూడా ఆయనే. మైకు అక్కర్లేని గొంతు. పిల్లలు లేని మా ఇంట్లో ఆ గొంతే సందడి. నేను బడిలో టీచర్ని. రోజంతా అరిచి అరిచి వచ్చి ఇంట్లో ఊరికే కూర్చుంటే, ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేవారు.

ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. కాలు కొంచెం కదిలింది. చెయ్యి కదల్లేదు. తొమ్మిదో రోజు నర్సు జావ తాగించబోతే, స్పష్టంగా, పాత గొంతుతోనే "కాదు" అన్నారు. సంతోషంతో ఏడ్చేశాను. ఒకటి వచ్చిందంటే మిగతావీ వస్తాయనుకున్నాను.

మిగతావి రాలేదు. వద్దు అనాల్సిన చోటా కాదే, అవును అనాల్సిన చోటా కాదే. నొప్పిగా ఉందా అంటే కాదు. అన్నం పెట్టనా అంటే కాదు, అంటూనే పళ్లెం దగ్గరికి లాక్కుంటారు. నేనెవర్ని చెప్పండి అంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ల నిండా నీళ్లతో, కాదు. ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయని, లోపల అనుకునేది ఒకటైతే నోట్లోంచి వచ్చేది ఇంకొకటని డాక్టరు చెప్పాడు.

మాట నేర్పించే అమ్మాయి దగ్గరికి, అశోక్‌నగర్‌కి, వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లాను. ఆ వీధుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు పాఠాలు పైకి వల్లె వేసుకుంటూ నడుస్తుంటారు. వాళ్ల మధ్య నుంచి ఆయన్ని నడిపించుకుంటూ వెళ్లేదాన్ని. ఆ అమ్మాయి బొమ్మల అట్టలు చూపించేది. ఆవు, గొడుగు, తాళంచెవి. "సార్, ఇదేంది?" అనడిగితే ఆయన ఆవును ఎంతో ఆప్యాయంగా చూసి "కాదు" అనేవారు. ఐదు నెలల తర్వాత ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, మీ దగ్గర దాచిపెట్టలేను. ఇంతకంటే రాకపోవచ్చు."

సరేనన్నాను. 

ఒక మధ్యాహ్నం ఆయనకు ఏదో కావాల్సి వచ్చింది. ఎడంచేత్తో గాలిలో ఏదో చూపిస్తున్నారు. కళ్లజోడు తెచ్చాను. కాదు. పేపరు తెచ్చాను. కాదు. తువ్వాలు, దుప్పటి, మాత్రల డబ్బా, గోడ మీది క్యాలెండరు. అన్నిటికీ కాదు. ఈసారి నిజంగానే కాదని ఆ కళ్లలో తెలుస్తోంది. గంటసేపు ఇల్లంతా వెతికాను. చివరికి ఆయన ఎడంచేత్తో గోడను కొట్టి, అటు తిరిగి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను బాత్రూములోకి వెళ్లి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆయన అడిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే చర్చి నుంచి నలుగురు వచ్చారు. వాళ్లు మంచి ఉద్దేశంతోనే వచ్చారని ఇవాళ చెప్పగలను. వాళ్లలో ఒక సంఘపెద్ద మంచం పక్కన నిలబడి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, "బ్రదర్, ప్రభువు నిన్ను లేపుతడని నమ్ముతున్నవా?" అనడిగాడు.

"కాదు" అన్నారు మా వారు.

ఆ పెద్దాయన చెయ్యి తీసేశాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే. నేను, "ఆయనకు ఆ మాట తప్ప ఇంకోటి రాదు బ్రదర్, డాక్టరు..." అంటూనే ఉన్నాను. ప్రార్థన ముగించి వాళ్లు మెట్లు దిగుతుంటే ఎవరో మెల్లగా అనడం వినపడింది. "అవిశ్వాసం లోపల ఉంటేనే గదా, నోట్లకెళ్లి గదే వస్తది."

ఆ ఆదివారం నుంచి చర్చికి వెళ్లడం మానేశాను. వాళ్ల మీద కోపం కన్నా పెద్దది ఇంకొకటి జరిగింది. నాకు ప్రార్థన రావడం ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుంటే రేపటి కూర, మందుల చీటీ, బడికి పెట్టిన సెలవులు గుర్తొచ్చేవి. "ప్రభువా" అన్నాక ఏమీ ఉండేది కాదు. ఆ మాట అలాగే గదిలో వేలాడేది. నమ్మకం పోయిందా అంటే, పోలేదు. ఉందా అంటే చూపించడానికి ఏమీ లేదు.

మూడు నెలల తర్వాత ఒక బుధవారం సాయంత్రం తలుపు చప్పుడైంది. చర్చిలో చివరి వరసలో కూర్చునే ముసలమ్మ. రాంనగర్‌లో ఉంటుందని తెలుసు, అంతకుమించి పరిచయం లేదు. చేతిలో చిక్కుడుకాయల సంచి.

"బస్సు దిగి నడుచుకుంట వచ్చిన. జర మంచినీళ్లు ఇయ్యి బిడ్డా" అంది.

నీళ్లు తాగి, మా వారి మంచం పక్కన కింద కూర్చుని చిక్కుడుకాయలు నేల మీద పోసింది. ఈనెలు తీస్తూ ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"వాన పడ్తదంటవా కొడుకా?"

"కాదు."

"నాకూ గట్లనే అనిపిస్తుంది. ఊకె మబ్బు పడుతది, పోతది."

"కాదు."

"అవ్, నిజమే."

ఆయన నవ్వారు. జబ్బు చేశాక మొదటిసారి. నేను వంటింటి గడప దగ్గర నిలబడిపోయాను.

వెళ్లేటప్పుడు ఆమె నన్నడిగింది, "ప్రార్థన చేస్తున్నవా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "వస్తలేదమ్మా."

ఆమె ఆశ్చర్యపోలేదు. "రాకుంటే పరేషాన్ గాకు. నా పెద్దకొడుకు పోయినప్పుడు రెండేండ్లు నాకూ రాలే. మా పక్కింటామె నా వంతు గూడ చేసింది. ఇప్పుడు నీ వంతు నేను జేస్త. నువ్వు ఆయనకు అన్నం పెట్టు, నిద్రపో. దేవుడు ఎటూ పోడు."

అప్పటి నుంచి ప్రతి బుధవారం వచ్చేది. నాకు వాక్యం బోధించలేదు, ఓర్చుకోమని చెప్పలేదు. ఒక బుధవారం మాత్రం, ఇంట్లో వాక్యం చదువుతున్నావా అనడిగి, తనకు చూపు ఆనడం లేదని నా చేత గట్టిగా చదివించింది. అలసటతో ఒక పంక్తి దాటేసి కింది దాంట్లోకి వెళ్లిపోయాను. మంచం మీద నుంచి గట్టిగా వినపడింది, "కాదు!" పుస్తకం వైపు చూశాను. నిజమే, ఒక పంక్తి పోయింది. ఆ పంక్తి చదివితే ఆయన ఊరుకున్నారు. ఈసారి ఆ మాట సరైన చోట పడింది. ముసలమ్మ పకపకా నవ్వింది. నేను ఆ పంక్తిని ఇంకొకసారి చదివాను.

తర్వాతి నెల, ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇచ్చే సంస్కారపు ఆదివారం, మమ్మల్నిద్దర్నీ చర్చికి తీసుకెళ్లడానికి ఆమే ఆటో మాట్లాడుకుని వచ్చింది. వద్దన్నాను. "ఆయన్నడుగు" అంది. అడిగితే ఏమంటారో తెలుసు కదా. కానీ ఆయన అప్పటికే చెప్పుల వైపు కాలు చాపుతున్నారు.

పీఠం దగ్గరికి నడిచి వెళ్లలేరు గనక, అయ్యగారే రొట్టె పట్టుకుని మా బెంచీ దగ్గరికి వచ్చారు. కొత్తగా వచ్చిన పాస్టరు, ముప్ఫై దాటని మనిషి. చర్చి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో మా వారు, వాక్యం చదివినప్పటి గొంతుతో, "కాదు" అన్నారు.

అయ్యగారి చెయ్యి ఆగిపోయింది. నావైపు చూశారు. మా వారి తరఫున ఒక్క మాట చెప్పాల్సిన మనిషిని నేను. నా నోరు పెగల్లేదు. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. ఆ కొన్ని క్షణాల్లో నా భర్త కన్నా నేనే మూగదాన్ని.

వెనక నుంచి ముసలమ్మ అంది, "అయ్యగారూ, నోరు గాదు, చెయ్యి జూడండి."

మా వారి ఎడంచెయ్యి చాచి ఉంది. దాన్ని దించలేదు. అయ్యగారు ఆ అరచేతిలో రొట్టె పెట్టారు. మా వారు మెల్లగా తిన్నారు.

ఇది జరిగి రెండేళ్లు. ఆయనకు కొత్త మాటలు రాలేదు. కుడిచెయ్యి అలాగే ఉంది. ముసలమ్మకు మోకాళ్లు పట్టేయడంతో బుధవారాలు రాలేకపోతోంది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. నాకు ప్రార్థన కొంచెం వచ్చింది, పూర్తిగా రాలేదు. కొన్ని రోజులు రెండు వాక్యాలు, కొన్ని రోజులు అదీ లేదు. రాని రోజున కూడా ఆయన పక్కన కూర్చుంటాను. ఇలాంటి ఇంట్లో ఉన్న ఇంకెవరికైనా చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే లేదు. మొన్న ఆదివారం వాన వల్ల ఆటో దొరకలేదు. గంటసేపు గుమ్మంలో నిలబడ్డాం. దొరికాక, సగం ప్రార్థన అయిపోయిన చర్చిలోకి ఇద్దరం తడిసిన బట్టలతోనే వెళ్లి కూర్చున్నాం.