ఇంజనుకు దూరంగా

తలా తోకా తెలియని మనిషిని నేను. మాటవరసకు అనడం లేదు. పొగబండికి తల ఎటు, తోక ఎటు అన్నది తెలుసుకోకుండానే, ఉబ్బసం ఉన్న భార్యను వెంటబెట్టుకుని ప్రయాణం కట్టాను. అనంతపురం స్టేషను బయట జట్కావాళ్లను అడిగినా చెప్పి ఉండేవాళ్లు. అడగలేదు. అడగకుండానే అన్నీ తెలుసనుకునే జబ్బు నాది. ఆమె జబ్బు కంటే అదే మొండిది.

ఆమెది పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఉబ్బసం. మా వైపు దాన్ని దమ్ము అంటారు. బీడీ లాగితే దమ్ము, ధైర్యం ఉంటే దమ్ము, ఊపిరి ఆడకపోయినా దమ్మే. మొదటిది ఊళ్లో మగవాళ్లందరికీ ఉండేది. రెండోది నాకు లేదు. మూడోది ఆమె పాలికి వచ్చింది.

నేను శనక్కాయల మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడిని. పంట వచ్చిన ఏడు పొట్టు మా వీధి మీద మంచులా దిగేది. నా చొక్కాలో, జుట్టులో, చెవుల్లో కూడా అదే. బయట బండ మీద తలస్నానం చేసి, బట్టలు అక్కడే విడిచి, అప్పుడు ఇంట్లోకి పోవాలి. అయినా మాఘమాసం వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని, మోకాళ్లు పట్టుకుని, రాత్రులు కూర్చునే గడిపేది. కరువు వచ్చిన ఏడు మాత్రం కాయ ఉండదు, కళ్లం ఉండదు, పొట్టు ఎగరదు. ఊరంతా ఆకాశం వైపు చూసి నిట్టూరుస్తుంటే, హాయిగా నిట్టూర్చగలిగిన మనిషి మా ఇంట్లో ఒకతె ఉండేది. ఊరికి కరువు వస్తే ఆమెకు ఊపిరి వచ్చేది. ఈ మాట బయట అనడానికి సిగ్గుపడేవాళ్లం.

పొయ్యిని పెరట్లోకి మార్చాం. గాలి ఇంటి వైపు తిరిగిన రోజు సంగటి నేనే కెలికేవాడిని. నా సంగటిలో ఉండలు కట్టేవి. "మింగేదానికి కూడా ఊపిరి కావల్లప్పా" అని నవ్వేది. ఉమ్మెత్తాకు ఎండబెట్టి ఆ పొగ పీల్చమని చెప్పినవాళ్లు చాలామంది. పొగకు మందు పొగేనట. ఒకసారి అదీ చేశాం. మళ్లీ చేయలేదు.

మా మామది గోరంట్ల పక్క పల్లె. నెలకొకసారి కూతురిని చూడటానికి వచ్చేవాడు. నోట్లో చుట్ట లేకుండా ఆయనను నేను చూడలేదు. అల్లుడు మామను చుట్ట ఆర్పమనే ఆచారం మా కులంలో లేదు, ఏ కులంలోనూ లేదనుకుంటాను. ఆయనే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. వాకిలి దాటి లోపలికి వచ్చేవాడు కాదు. వీధి కొసన, గాలి ఇటు నుంచి అటు వీచే తట్టున నిలబడి, అక్కడి నుంచే కేకేసేవాడు.

"అమ్మీ! అన్నం తింటివా?"

"తింటి నాయనా! అమ్మకు మోకాలు ఎట్లుండాది?"

"అట్లే ఉండాది! బర్రె ఈనింది!"

తండ్రీ కూతుళ్ల కబుర్లన్నీ వీధి వీధికీ తెలిసిపోయేవి. మా అత్త మోకాలి గురించి నాకంటే పక్కింటివాళ్లకే బాగా తెలుసు. ఒకసారి నేను వెళ్లి పక్కన నిలబడితే, మామ చుట్టను వెనక్కి దాచి అన్నాడు: "ఇది మానితే నేను పోతా అల్లుడా. మానకుంటే నా బిడ్డ పోతాది. అందుకే ఈడ నిలబడతాండా."

ఆ రోజుల్లోనే హోసపేట దగ్గర తుంగభద్రకు డ్యాం కట్టారు. మా వైపు జనం గుంపులు గుంపులుగా చూడబోయేవాళ్లు. మాది నీళ్లను దేవుడిలా చూసే సీమ, కాబట్టి అది యాత్రే. పోయినవాళ్లు ఊరికే రారు. చెంబెడు నీళ్లు తెచ్చి తమ ఎండిన బావిలో పోస్తారు. నీళ్లను చూసి నీళ్లు వస్తాయని. పక్కింటామె అట్లాగే తెచ్చి పోసింది. ఆమె బావిలో నీళ్లు రాలేదు కానీ, మా ఇంట్లోకి ఒక కోరిక వచ్చింది.

"ఇదో, వింటాండావా? ఆడ అవతలి గట్టే కనపడదంట."

"అంటారు."

"నీళ్ల మింద నుంచి వచ్చే గాలికి దుమ్మే ఉండదంట. ఒక్కసారి నిండా పీల్చుకోవల్ల నేను. నిండా అంటే ఎట్లుంటాదో చూడల్ల."

ఆమె నన్ను చీర అడగలేదు, నగ అడగలేదు. గాలి అడిగింది. ఊరికే దొరికేదే కదా అని నేను ఒప్పుకున్నాను.

అప్పటి నుంచి నా పంచాంగంలో తిథి వార నక్షత్రాలు పోయి పొగ, దుమ్ము, గాలి అని మూడే అంగాలు మిగిలాయి. పంట వచ్చే కాలం పనికిరాదు, పొట్టు. చలికాలం పనికిరాదు, మంచు. ఎండాకాలం పనికిరాదు, సుడిగాలి. మాకు వాన తప్పి, ఎక్కడో పడమటి కొండల్లో పడి, నది నిండిన భాద్రపదం ఒక్కటే మిగిలింది. అంటే మాకు కరువు, వాళ్లకు వాన కావాలి. మా వైపు కరువుకు కరువు ఉండదు గనక ఎక్కువ కాలం ఎదురుచూడక్కర లేకపోయింది.

బండిలో ఏ పెట్టె ఎక్కాలన్న సంగతి వచ్చింది. ఆమె ఆడవాళ్ల పెట్టె అంది. ఆడ బీడీలు ఉండవు కదా అంది. మంచి మాట. కానీ ఆ పెట్టె ఇంజనుకు దగ్గరగా ఉంటుందని నేను అన్నాను. అసలు కారణం అది కాదు. నీళ్లు మొదట కనపడినప్పుడు ఆమె మొహం నేను చూడాలి. వేరే పెట్టెలో కూర్చుంటే ఎట్లా? అందుకని అన్నిటికంటే చివరి పెట్టె అని తేల్చాను. ఇంజను పొగ మన దాకా వచ్చేసరికి అలిసిపోతుందని చెప్పాను.

ఇక మిగిలింది పెట్టెలోని బీడీలు. మా వైపు కొత్త మనిషితో మాట కలపాలంటే బీడీ చేతిలో పెడతారు. వద్దంటే తప్పు పడతారు, ఆర్పమంటే తన్నుకుంటారు. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. బొరుగుల ఉండలు.

"పాకం రోంత లేతగానే దించే" అన్నాను. "వేళ్లకు అంటుకోవల్ల."

"తినేదానికా, అంటిచ్చేదానికా?"

"వేళ్లకు పాకం అంటుకున్నోడు అగ్గిపుల్ల గీకలేడు."

ఆమె గరిటె పక్కన పెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత గంపెడు ఉండలు కట్టింది. పైన మూత ఉన్న ఇత్తడి చెంబు తోమి పెట్టుకుంది, మా బావి కోసం.

పొద్దున బండికి మామ స్టేషనుకు వచ్చాడు. ప్లాట్‌ఫారం అవతలి కొసన నిలబడి, "అమ్మీ! తల బయట పెట్టొద్దు!" అని కేకేశాడు. స్టేషను మాస్టరు ఉలిక్కిపడి చూశాడు.

ఉపాయం పారింది. చెవి మీద నుంచి బీడీ తీసిన ప్రతి చేతిలో ఉండ పెట్టాను.

"ఏమన్నా, పెండ్లా?" అన్నాడు ఒక పెద్దాయన. దూదేకుల సాయిబు. దూది ఏకే విల్లును పై బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"అయిపోయిందిలే తాతా. డ్యాం చూసేదానికి పోతాండాం."

ఆయన ఉండ కొరికి, ఆమె వైపు చూశాడు. ఆమె భుజాలు ఎగసి పడటం చూశాడు. "బిడ్డకు దమ్మా? మా అమ్మకూ ఉండె. దూదిలో పుట్టినాం గదా" అని బీడీ కట్టను సంచి అడుగుకు తోశాడు. ఆయనను చూసి ఇద్దరు ముగ్గురు తోశారు. గుంతకల్లు దాకా ఆ పెట్టెలో ఒక్క అగ్గిపుల్ల గీయలేదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని బీడు భూములను చూస్తూ, "ఎండిపోయినా ఎంత బాగుండాయో" అంది. నేను లోకాన్ని గెలిచినట్టు గంప అడుగు తడుముకున్నాను. ఉండలు అయిపోయాయి.

గుంతకల్లులో బండి ఆగింది. సాయిబు విల్లు భుజానికెత్తుకుని దిగుతూ, నా వైపు వింతగా చూశాడు.

"ఏమప్పా, ఈడే కూర్చున్నారు? ఇంజను ఇంగ ఈ కొసకు వస్తాది గదా. తెల్దా?"

తెలియదు. అక్కడి నుంచి బళ్లారి వైపు పోవాలంటే బండి వెనక్కి తిరుగుతుంది. ఇంజనును తల దగ్గర విప్పి, తోకకు తగిలిస్తారు. తోక తల అవుతుంది. అంత జాగ్రత్తగా ఎంచుకున్న మా చివరి పెట్టె మొదటి పెట్టె అయింది.

"దిగి ఆ కొసకు పోదాం పా" అందామె, చెంబు చేతిలోకి తీసుకుంటూ.

నేను దిగలేదు. ఇంతమందిని మచ్చిక చేసుకున్న పెట్టె ఇది. ఆ కొసన కొత్త మొహాలు, కొత్త బీడీలు. పంచడానికి ఉండలు లేవు. "కిటికీ మూస్తే సరిపోతాదిలే" అన్నాను. ఆమె నా మొహం చూసి, చెంబును మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. నా మాటకు ఆమె ఎదురు చెప్పని సమయం అదొక్కటే. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

బళ్లారి చేరకముందే పెట్టె నిండా పొగ. మూసిన కిటికీల సందుల్లో నుంచి బొగ్గు నలుసులు దూరి ఆమె చెంగు మీద, చెంబు మీద వాలాయి. ఆమె ఛాతీలో నుంచి పిల్లనగ్రోవి లాంటి చప్పుడు మొదలైంది. బీడీలు మానిన మంచివాళ్లంతా చుట్టూ మూగి విసరబోయారు. వాళ్లు విసిరిన గాలీ పొగే. బళ్లారిలో దించేశాను. ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టాను. రైల్వే డాక్టరు వచ్చి సూది వేసి, ముందుకు పోవద్దు, ఇంటికి పొమ్మన్నాడు. హోసపేట అక్కడికి ఇంక రెండు గంటల దూరం.

మాట వచ్చాక ఆమె అన్న మొదటి మాట: "నీళ్లు చూసేదానికి వచ్చి కండ్లల్లో నీళ్లు చూసుకుంటిమి." తర్వాత, "నువ్వు ఏడ్వాకు. వచ్చే ఏడు పోదాం. ఆడోళ్ల పెట్టెలో పోతా, నువ్వు యాడన్నా కూర్చో" అంది. ఖాళీ చెంబు మళ్లీ ఖాళీగానే ఇంటికి వచ్చింది.

ఆ వచ్చే ఏడు వానలు పడ్డాయి.

అట్లాంటి వాన మా వైపు చూసి చాలా కాలం అయింది. బుక్కరాయసముద్రం చెరువు నిండింది. మా బావిలో చెయ్యి పెడితే నీళ్లు అందాయి. ఆమె వాకిట్లో నిలబడి వానలో తడిసింది. వద్దన్నా వినలేదు. "బావి నిండింది. ఇంగ చెంబు ఎత్తుకుపోయే పని లేదు" అంది. కాయ విరగ కాసింది. మిల్లు ఆగకుండా ఆడింది. కాటా దగ్గర నాకు తల ఎత్తే తీరిక లేదు. వీధి నిండా పొట్టు, ఇంటింటా నవ్వులు. అందరి ఇళ్లకూ పంట వచ్చిన ఆ మాఘంలో మా ఇంట్లో మనిషి పోయింది. ఊరంతా సంతోషంగా ఉన్నప్పుడు ఏడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పలకరించడానికి వచ్చినవాళ్ల గోళ్లలో కూడా శనక్కాయ మట్టి.

మామ ఆ తర్వాత కూడా నెలకొకసారి వచ్చేవాడు. వీధి కొసనే నిలబడేవాడు. "రా మామా, లోపలికి" అని పిలిస్తే, చుట్ట చూపించి తల అడ్డంగా ఊపేవాడు. ఇప్పుడు ఎవరికని ఆ దూరం? నేను అడగలేదు. "అల్లుడా! అన్నం తింటివా?" అని అక్కడి నుంచే కేకేసేవాడు.

మళ్లీ భాద్రపదంలో ఇద్దరం డ్యాం చూడటానికి పోయాం. పోదామని ఆయనే అన్నాడు. గుంతకల్లులో ఈసారి దిగి, అవతలి కొసకు నడిచాం. అంత తేలిక. నాలుగు అడుగుల పని.

నిజంగానే అవతలి గట్టు కనపడలేదు. గాలి చల్లగా, శుభ్రంగా వచ్చి మొహానికి తగిలింది. ఆమె బదులు నేనైనా నిండా పీల్చుకుందామని చూశాను. సగంలోనే బయటికి వదిలేశాను. ఆమెకు గాలి అందలేదు, నాకు అందినా నిలవలేదు. పక్కన మామ చుట్ట తీశాడు, వేళ్ల మధ్య తిప్పాడు, అట్లాగే జేబులో పెట్టుకున్నాడు. బయల్దేరే ముందు నేను ఆ ఇత్తడి చెంబును నింపాను. మా బావికి ఆ నీళ్ల అవసరం లేదు. అయినా ఖాళీ చెంబుతో మళ్లీ పోలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో గుంతకల్లులో బండి ఆగింది. మామ అలవాటుగా ప్లాట్‌ఫారం అవతలి కొసకు పోయి చుట్ట ముట్టించాడు. నేను చెంబు పట్టుకుని తిరుగుతున్నాను. ఇంజనును విప్పి అటు నుంచి ఇటు తెస్తున్నారు. అది నా ముందు ఆగి, పట్టాల మధ్యకు నిప్పులు కుమ్మరించి, తేలికపడి ముందుకు జరిగింది. ఎర్రటి కుప్ప అక్కడే కణకణలాడుతూ మిగిలింది.

నేను వంగి, మూత తీసి, చెంబు వంచాను.

చుయ్‌మంది. తెల్లటి ఆవిరి లేచి నా మొహం మీదికే వచ్చింది. నాకే దగ్గు వచ్చింది.

"ఏమప్పా, తిక్క పట్టిందా?" ఇంజనులో బొగ్గు వేసే మనిషి తల బయట పెట్టి అరిచాడు. "కరువు సీమలో నీళ్లు అట్ల పారబోస్తారా?"

అవతలి కొస నుంచి కేక వచ్చింది. ప్లాట్‌ఫారం మొత్తం విన్నది. "పొయ్యనీప్పా వాన్ని! అవి నా బిడ్డ నీళ్లు!"

అంత పెద్ద ఇంజను. నా చేతిలో ఉన్నది చెంబెడు. కుప్పలో ఒక మూల నల్లబడింది, తక్కినదంతా ఎర్రగానే ఉంది. అయినా చెంబు బోర్లించి, అడుగున ఉన్న చుక్క కూడా రాలేదాకా దులిపాను.