మంచుకొండ మీద స్టిక్కర్ బొట్టు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే ప్లేటు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. ఇప్పటికీ దయ్యాలున్నాయంటే నమ్మను. అందుకే ఇది చెప్పాలంటే కాస్త మొహమాటంగా ఉంది.

మాది కాకినాడ. బ్రెమెన్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఉపగ్రహాలు ఉత్తర అట్లాంటిక్‌ను రాడార్‌తో తీసిన చిత్రాలు మాకు వస్తాయి. వాటిలో మంచుకొండలు ఎక్కడున్నాయో చూసి ఓడలకు చెబుతాం. చిత్రంలో మంచుకొండా తెల్లచుక్కే, ఓడా తెల్లచుక్కే. సాఫ్ట్‌వేర్ అనుమానం ఉన్నచోట గుర్తు పెడుతుంది, మేం ఒక్కొక్కటీ కంటితో చూసి తేలుస్తాం. గాలి హోరుగా ఉన్నరోజు సముద్రమంతా తెల్లగా మెరుస్తుంది. అప్పుడు ఇల్లంత మంచుముక్క కూడా అందులో కలిసిపోతుంది.

అది ఈస్టర్ సెలవుల సమయం. మా ఆవిడ సుజాత పాపను తీసుకుని ఊరికి వెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్ణే.

ఆ మధ్యాహ్నం ఒక సరుకుల ఓడ నుంచి కబురొచ్చింది. ఓడలో వంటాయన కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. అపెండిక్స్ అని వాళ్ల అనుమానం. హెలికాప్టర్ అందుకోలేనంత దూరంలో ఉన్నారు. మంచుకు భయపడి దక్షిణంగా చుట్టు తిరిగితే రేవు చేరడం ఒక పూట ఆలస్యం, అంతవరకూ మనిషి ఆగేలా లేడు. నేరుగా వెళ్లొచ్చా అని కెప్టెన్ అడిగాడు.

మా షిఫ్టు చూసే కారిన్ ఆ చిత్రం నాకు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ గుర్తు పెట్టినవన్నీ చూశాను. అన్నీ ఓడలే. దారి ఖాళీ అని రాసేయడమే మిగిలింది. కళ్లు లాగుతుంటే వెళ్లి కాఫీ తెచ్చుకున్నాను.

తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద ఒక ఎర్రచుక్క ఉంది. సాఫ్ట్‌వేర్ ఆలస్యంగా పెట్టిన గుర్తేమో అనుకుని మౌస్‌తో నొక్కాను. ఏమీ కాలేదు. గోటితో గీకితే ఊడొచ్చి వేలికి అంటుకుంది. స్టిక్కర్ బొట్టు! గుండ్రంగా, పెద్దవాళ్లు పెట్టుకునేంత ఉంది.

అది ఊడినచోట, చిత్రంలో, మసకగా ఒక తెల్ల నలుసు. పొద్దుటి చిత్రం తెరిచి చూశాను. అందులోనూ అదే నలుసు, కాస్త ఉత్తరంగా. అల అయితే అలా మిగలదు. కారిన్‌ని పిలిచాను. ఆమె రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూసి ఫోనందుకుంది. కెప్టెన్‌ని నేరుగానే వెళ్లమని, ఆ నలుసున్న చోటు ఇంకా రాకముందే వేగం తగ్గించి పక్కకు తప్పుకోమని చెప్పింది.

సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేశాడు. అక్కడంతా పొగమంచు, వాళ్ల రాడార్‌లో ఏమీ పడలేదట. మేం చెప్పామని ఓడ ముందుభాగాన ఒక మనిషిని కాపలా నిలబెడితే, ఆ మంచుముక్క అతని కంటికే కనిపించిందట. "మీరు చెప్పకపోతే సరిగ్గా దాని మీదికే వెళ్లేవాళ్లం" అన్నాడు. రేవు చేరగానే వంటాయనకి ఆపరేషన్ జరిగింది. బతికాడు.

బొట్టు నా స్వెటర్‌కి అంటుకుని వచ్చి ఉంటుందంది కారిన్. కావచ్చు, నాకూ అలాగే అనుకోవాలని ఉంది. కానీ కాఫీకి లేచేటప్పుడు స్క్రీన్ మీద ఏమీ లేదు. గదిలో ఇంకెవరూ లేరు. పోనీ స్వెటర్ నుంచే రాలిందనుకున్నా, అంత సముద్రంలో ఆ నలుసు మీదే ఎందుకు పడాలి?

బొట్టుని ఫొటో తీసి సుజాతకు పంపాను.

"నాది కాదండీ. ఇంత పెద్దది నేనెప్పుడు పెట్టుకున్నాను? మీ ఆఫీసులో తెలుగావిడ ఎవరైనా చేరిందా ఏంటి?" అని ఫోన్ చేసి ఆటపట్టించింది. జరిగిందంతా చెప్పాక నవ్వు ఆపేసింది. "ఆ వంటాయనకి పిల్లలున్నారా?" అని అడిగింది.

ఉన్నారట. కోలుకున్నాక వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని దిగిన ఫొటో కెప్టెన్ నాకు పంపాడు. ఇదెలా జరిగిందో ఈరోజుకీ చెప్పలేను. ఆ మొహాలు చూసినప్పుడల్లా రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాలని మాత్రం ఉంటుంది. ఎటు తిరిగి పెట్టాలో తెలియదు.