రంగత్‌కు మోసుకెళ్లిన కన్నాల పలక

తెల్లవారుజామున నాలుగింటికి అబర్డీన్ బజార్ బస్టాండులో నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. యాభై ఆరేళ్ల వయసులో, అరిగిపోయిన మోకాళ్లతో, ఒక ప్లాస్టిక్ పలక కోసం ఏడు గంటల దూరంలోని రంగత్ దాకా వెళ్లాలా? పార్సిల్ వేద్దామంటే ఎప్పుడు చేరుతుందో చెప్పలేమన్నారు. ఆ రోజు శుక్రవారం. లావణ్యకు టైపింగ్ పరీక్ష సోమవారం.

రంగత్‌లో కిరాణా కొట్టు నడిపే రమణకు లావణ్య చెల్లెలు. ఆమెకు పుట్టినప్పటి నుంచీ చేతులు వణుకుతాయి. ఒక మీట నొక్కబోతే నాలుగు పడతాయి. టైపింగ్ పరీక్ష నెగ్గితే అక్కడి ట్రావెల్ ఆఫీసులో టికెట్ల పని ఇస్తామన్నారట. పరీక్షకు సొంత కీబోర్డు తెచ్చుకోవచ్చు, పక్కన మనిషి మాత్రం కూర్చోకూడదు. నాది కంప్యూటర్ రిపేరు షాపు కాబట్టి, రమణకు ఫోన్ చేసి వేలి కొలత అడిగి, కీబోర్డు మీద బిగించే పలక చేశాను. ఒక్కో మీటకు ఒక్కో కన్నం. చెయ్యి పలక మీద ఆన్చి, వేలు కన్నంలోకి దించితే ఆ ఒక్క మీటే పడుతుంది.

నాలుగున్నరకు బస్సు కదిలింది. వెళ్లేవాళ్లు టికెట్ ముందురోజే కొనుక్కోండి, లేకపోతే దారంతా నిలబడాలి. అడవి దారి మొదలయ్యే జిర్కటాంగ్ గేటు దగ్గర బళ్లన్నీ వరసకట్టి ఆగాయి. ఆరింటికి గానీ వదలరు. పూరీ బాగుంది, టీ చల్లారిపోయింది. పక్క సీటు ముసలమ్మ నా ఒళ్లో సంచిలోకి తొంగి చూసింది.

"ఏటి బాబూ అది, ఇడ్లీ రేకా?"

"కాదమ్మా, కంప్యూటర్‌కి."

"అరె! కంప్యూటర్‌కి ఇన్ని కన్నాలేటి?" అని, జవాబు వినకుండానే నిద్రలోకి జారుకుంది. నాకు ఆ అదృష్టం కూడా లేదు.

మిడిల్ స్ట్రెయిట్‌లో దిగడం, సముద్రపాయ దాటడానికి ఫెర్రీ ఎక్కడం, మళ్లీ అదే బస్సు, అవే గుంతలు. రంగత్ చేరేసరికి పదకొండున్నర దాటింది. నడుం పట్టేసింది.

రమణ కొట్టు వెనక గదిలో పలక బిగించాను. లావణ్య ఎడమ చెయ్యి ఎత్తింది. వేళ్లన్నీ ముడిచి, చిటికెన వేలి కణుపును కన్నంలోకి దించబోయింది. కణుపు అంచు మీదే ఆగిపోయింది.

"చూపుడు వేలన్నావు కదయ్యా!" అన్నాను రమణతో.

"నా వేలు కొలిచి చెప్పాను భయ్యా," అన్నాడు తల దించుకుని. "దాని టైపింగ్ ఎప్పుడూ నేనే కొట్టేస్తాను గదా, అది ఏ వేలితో నొక్కుతుందో చూసుకోలేదు."

లావణ్యకు మాట నెమ్మదిగా వస్తుంది, కానీ సూటిగా వస్తుంది. "అంకుల్, మూడుసార్లు ఫోన్ చేసారు. నాకియ్యమని ఒక్కసారైనా అనలేదేటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. పని ఎవరిదైనా ఫోన్ ఇంటి పెద్దకే చేయడం మాకు మర్యాద. ఆ మర్యాదతోనే ఇరవై రోజుల పని పాడుచేసుకున్నాను.

మధ్యాహ్నం బస్సు వదిలేసుకున్నాను. పక్కనున్న బీరువాల షాపులో గుండ్రటి ఆకురాయి అడిగి తెచ్చాను. ఒక్కో కన్నాన్నీ రాకడం, ఆమె కణుపు పెట్టి చూడటం, మళ్లీ రాకడం. "ఇంకొంచెం," అనేది. "బస్, చాలు," అనేది. సాయంత్రానికి నా చేతులు కూడా ఆమె చేతుల్లాగే వణికాయి.

చివరికి కంప్యూటర్‌లో ఇంకో మార్పు చేశాను. పెద్ద అక్షరం కోసం షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, తర్వాతి అక్షరం దాకా అదే గుర్తుపెట్టుకుంటుంది. పరీక్ష కంప్యూటర్‌లోనూ ఇది ఎలా పెట్టుకోవాలో ఆమెకు చూపించాను. లావణ్య తన పేరు కొట్టబోతుంటే రమణ అలవాటుగా షిఫ్ట్ మీదకు చెయ్యి చాచాడు.

"హాథ్ హటావ్ అన్నయ్యా!"

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పేరులో పెద్ద అక్షరం ఆమే కొట్టింది. రమణ కళ్లు తుడుచుకుంటూ కొట్టులోకి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి లాడ్జిలో దోమల మధ్య పడుకుని, పొద్దున్నే బస్సెక్కాను. అడవి దారంతా ఫోనుకు సిగ్నల్ లేదు. ఒళ్లంతా పచ్చి పుండు. ఇక ఎవరు పిలిచినా వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఊరు దగ్గరపడి సిప్పీఘాట్ దాటుతుండగా తెలియని నంబరు నుంచి మెసేజి వచ్చి కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"అంకుల్, మూడో వరసలో నాలుగో కన్నం గీసుకుంటోంది. సోమవారం ఎలాగోలా కొట్టేస్తాను. తర్వాత బాగుచేయాలి. ఇది నా నంబర్."

నా ఫోనులో అప్పటిదాకా 'రంగత్ రమణ' అని ఒక్క పేరే ఉంది. దాని కింద 'రంగత్ లావణ్య' అని రాసుకున్నాను.