దోహా సముద్రం మీద తేనెనెల

మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మారుతి దోహాలో, ఉమ్ ఘువైలినా అనే పేట పక్కనున్న పెట్రోల్ బంకులో పనిచేసేవాడు. అతని భార్య రాణి అదే నగరంలో శ్రీరామమూర్తి అనే తెలుగు ఇంజనీరు ఇంట్లో వంటపనికి ఉండేది. పెళ్ళయి నెల తిరగకముందే మారుతికి వీసా వచ్చింది. రాణి వచ్చేసరికి మరో ఏడాది పట్టింది. అయినా అతనుండేది కంపెనీ క్యాంపులో, ఆమె ఉండేది యజమాని ఇంట్లో. శుక్రవారం సాయంత్రం సముద్రపు ఒడ్డున కాసేపు కూర్చుని మాట్లాడుకోవడమే వాళ్ళ కాపురం.

తొంభై ఆరు జనవరిలో, ఉత్తరపు గాలి పొడిగా కోస్తున్న ఒక పొద్దున, పాత ల్యాండ్‌క్రూజర్ ఒకటి బంకులోకి వచ్చింది. నడుపుతున్నది అహ్మద్ అలీ అనే ఖతరీ, పడవల యజమాని. వెనక సీట్లో అతని ముసలితల్లి జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. మారుతి ఇంజన్ ఆపించి, ట్యాంకులో పైపు పెట్టి, పెట్రోలు పడుతుండగా ముందు అద్దం తుడవసాగాడు. అహ్మద్ అలీ ఉన్నికోటుతో సీటు మీంచి జారి దిగాడు. ఎంత పడిందో చూద్దామని వచ్చి పైపు పిడి మీద చెయ్యి వేశాడు. పొడిగాలికి ఉన్నికోటు సీటుకు రాసుకుని ఒంట్లో పుట్టిన కరెంటు చిటుక్కుమని నిప్పురవ్వయింది. ట్యాంకు మూతి దగ్గర మంట లేచింది.

బెదిరిపోయి అతను పైపు బయటికి లాగబోయాడు. మారుతి ఒక్క ఉరుకున వెళ్ళి అతని మణికట్టు పట్టుకున్నాడు.

“నై బాబా, మత్ ఖీంచో!” లాగొద్దన్నాడు హిందీలో.

పైపు బయటికొస్తే పెట్రోలు మనుషుల మీద చిమ్ముతుందని, మంట పదింతలవుతుందని సూపర్‌వైజర్ ఫసీయుద్దీన్ అందరికీ చెప్పి ఉన్నాడు. “అమ్మను దించు!” అని అరుస్తూ మారుతి గోడ దగ్గరికి పరుగెత్తి పంపులన్నీ ఆపే ఎర్ర స్విచ్ నొక్కాడు. అహ్మద్ అలీ తల్లిని చేతుల్లో ఎత్తుకుని దూరం వెళ్ళాడు. మారుతి మంటలార్పే సిలిండర్ తెచ్చి తెల్లపొడి కుమ్మరించాడు. మంట చచ్చింది.

అహ్మద్ అలీ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. బొంబాయి వ్యాపారుల దగ్గర నేర్చిన హిందీలో, ఏం కావాలో అడగమన్నాడు. మారుతి రెండో చేతికంటిన తెల్లపొడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“అడుగు మియా, సిగ్గెందుకు?” అన్నాడు పరుగున వచ్చిన ఫసీయుద్దీన్.

“నా పెండ్లాం ఈడనే ఉంది సార్. పెండ్లయినకాంచి ఇద్దరం కలిసి ఏడికీ పోలే,” అన్నాడు మారుతి నేల చూస్తూ.

ఫసీయుద్దీన్ నవ్వి ఆ మాటను అరబ్బీలోకి మార్చి, చివర “షహర్ అల్ అసల్” అన్నాడు. తేనెనెల, అంటే హనీమూన్ అని. అహ్మద్ అలీ ముఖం విప్పారింది.

“జుమ్మా నమాజ్ అయినాక ఇద్దరూ రండి. నా పడవ ఉంది.”

శుక్రవారం బయలుదేరుతుంటే ఇంజనీరు భార్య లలితకుమారి తన శాలువా తీసిచ్చింది. “అక్కడ గాలి ఎక్కువ రాణీ, ఇది కప్పుకుని వెళ్ళు.”

అది పెద్ద చెక్కపడవ. ఎక్కే పలక ఊగుతుంటే రాణి ఆగిపోయింది. పైనుంచి గోరింట పండిన ముడతల చెయ్యి ఒకటి ముందుకు వచ్చింది. అహ్మద్ అలీ తల్లి!

ఒడ్డు వెనక్కి జరిగింది. మసీదుల మినార్లు సన్నబడి, ఊరంతా ఇసుకరంగు గీతలా మిగిలింది. నీళ్ళు పచ్చగా ఉన్నవి కాస్తా నీలమయ్యాయి. ఎటు తిరిగినా నీళ్ళే, వాటి మీద ఆకాశం. రాణి మారుతి చొక్కా పట్టుకుంది.

“ఏందయ్యా ఇది, అంచే లేదు!”

వారం వారం ఒడ్డు నుంచి చూసిన సముద్రం ఇదేనంటే మారుతి నమ్మలేకపోయాడు.

ఉన్నట్టుండి అహ్మద్ అలీ ఇంజన్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో బర్రె ముక్కు చీదినట్టు చప్పుడైంది. పడవ పక్కనే నల్లని నున్నటి వీపు లేచి, మెరిసి, మునిగింది. దాని వెంట ఇంకొకటి. ఆనక ఒక గుంపు.

“గింత పెద్ద చేపలా!” అంది రాణి.

“డాల్ఫిన్,” అన్నాడు అహ్మద్ అలీ, తానూ మొదటిసారి చూస్తున్నంత మెల్లగా.

ముసలామె రాణిని పక్కన కూర్చోబెట్టుకుంది. ముక్కు మూసుకుని, అరచేతిని నీళ్ళవైపు కిందికి, ఇంకా కిందికి దించి చూపింది. చూపుడువేలి కొన మీద చిన్న సున్నా చుట్టింది. ముత్యం. ముసలామె తండ్రి కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఈ నీళ్ళ అడుగుకు దిగేవాడని కొడుకు హిందీలో చెప్తే మారుతి తెలుగులో చెప్పాడు. రాణి తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. పొద్దు ఒడ్డు వైపు దిగి నీళ్ళ మీద ఎర్రగా పరుచుకుంది.

ఆ తర్వాత ముసలామె అప్పుడప్పుడు కబురుపెట్టి రాణిని పిలిపించుకునేది. మరుసటేడు ఆమె పోయిందని తెలిసి రాణి వెళ్ళింది. గది నిండా నల్ల బురఖాల ఆడవాళ్ళు. గడప దగ్గరే నిలబడిపోయిన ఆమెను ఎవరివని ఎవరూ అడగలేదు. ఇద్దరు కాస్త జరిగి మధ్యలో చోటిచ్చారు. ఒకామె కాఫీ తెచ్చి చేతికిచ్చింది. అప్పుడు ఏడ్చింది రాణి.