గడప మీద విశ్వాసమ్మ చెప్పిన మాట

దేవేంద్రప్ప కుడిచెయ్యి రాయి పడి విరగలేదు. సమ్మెట కర్రతో కొడితే విరిగింది. కొట్టినవాడు మేస్త్రీ గాబ్రియేలు. చూసినవాళ్లు ఆ పూట గనిలో పనికి దిగిన అందరూ. అందరూ అంటే విశ్వాసమ్మ కూడా.

బేతంచెర్ల చుట్టుపక్కల నేలను పొరలు పొరలుగా లేపి నాపరాళ్లు తీస్తారు. ఆ బండలు లారీలెక్కి ఎక్కడెక్కడో ఇళ్లల్లో పరుచుకుంటాయి. ఎండాకాలం వాటి మీద చాప కూడా లేకుండా పడుకుని హాయిగా ఉందనుకునేవాళ్లకు, ఆ రాయి లేపిన మనిషి ఊపిరితిత్తుల్లో ఎంత దుమ్ము ఉందో తెలియదు. విశ్వాసమ్మ మొగుడు ఆ దుమ్ముతోనే దగ్గి దగ్గి పోయాడు. ఆయన పోయిన వారానికి ఆమె అదే గనిలో తట్ట నెత్తికెత్తుకుంది. ఇప్పుడు యాభై దాటింది. నెత్తి మధ్యలో వెంట్రుకలు అరిగిపోయి చర్మం గట్టిపడింది. కొడుకు శామ్ అక్కడే రాతికి రంధ్రాలు వేసే మిషను నడుపుతాడు.

గాబ్రియేలు పరాయివాడు కాదు. విశ్వాసమ్మ వాళ్ల ఎస్సీ కాలనీలోనే పుట్టాడు, అదే తట్ట మోశాడు. మేస్త్రీ అయ్యాడు, తర్వాత గని యజమాని దగ్గర కాంట్రాక్టు పట్టాడు. చర్చిలో సంఘ పెద్ద అయ్యాడు. విశ్వాసమ్మను చిన్నమ్మా అని పిలుస్తాడు. కింది నుంచి పైకొచ్చినవాడు కిందివాళ్లను కాచుకుంటాడని మనం సభల్లో చెప్పుకుంటాం. గనిలోకి దిగి చూస్తే తెలుస్తుంది, యజమాని కర్ర ఎప్పుడూ మనవాడి చేతిలోనే ఉంటుంది.

ఆ రోజు ముందు రాత్రి వాన పడింది. గని దరికి, అంటే నిలువుగా కోసిన గోడకు, పైభాగంలో పగులు కనిపించింది. దేవేంద్రప్ప దాని కిందికి దిగనన్నాడు. పత్తికొండ వైపు బోయ రైతు అతను. టమాటా ధర లేక పంటను రోడ్డు మీద పారబోసి, పెళ్లాం గిడ్డమ్మతో కలిసి కూలికొచ్చాడు.

"అప్పా, దరి పగులిచ్చింది. ఎండ కాయనీ, నాలుగు గంటలు ఆగుదాము."

"నువ్వేమన్నా ఇంజినీరువా? లారీ వచ్చి నిలబడుండాది. దిగు."

"నా పెండ్లాం ముండ మోస్తే లారీ ఏడుస్తాదా అప్పా?"

పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ నవ్వే కొంప ముంచింది. గాబ్రియేలు సమ్మెట అందుకున్నాడు. ఇనుము వైపు తన చేతిలో పట్టుకుని కర్రతో కొట్టాడు. మొదటి దెబ్బ వీపు మీద. రెండో దెబ్బ కాచుకోవడానికి దేవేంద్రప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన కంది కట్టె విరిచినట్టు శబ్దం వచ్చింది. ముంజేతి ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. విశ్వాసమ్మ తట్ట పారేసి పరుగెత్తి అతని మీద బోర్లా పడింది. మూడో దెబ్బ ఆమె రెక్క మీద పడింది.

గాబ్రియేలు రొప్పుతూ చుట్టూ చూశాడు.

"రాయి జారింది. అర్థమాయనా? రాయి జారి పడింది."

కర్నూలు ఆసుపత్రిలో వెంట వెళ్లినవాళ్లు చెప్పిందే రాసుకున్నారు. గాయం చీము పట్టింది. మోచేతి కింది నుంచి తీసేశారు.

గిడ్డమ్మ ఆసుపత్రి నుంచి బస్సెక్కి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి చివరికి విశ్వాసమ్మ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే కూలబడింది.

"అక్కా, మా ఆయన మాటొక్కటే చాలదంట. చూసినోళ్లను పిల్చుకోని రమ్మంటాండారు పోలీసోళ్లు. అందరి ఇండ్లకూ పోయొచ్చినా. అందరూ రాయి అంటాండారక్కా. నువ్వు ఆయప్ప మీద పడుకున్న్యావు కదా, నువ్వన్నా చెప్తావా?"

విశ్వాసమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. మాట ఇవ్వలేదు. గిడ్డమ్మ వెళ్లాక శామ్ అన్నాడు.

"ఈ ఇంటి జాగా గాబ్రియేలు చూపించిందే. నా పని ఆయప్ప ఇచ్చిందే. నువ్వు నోరు తెరిస్తే బండి మీద సామాన్లు ఏసుకోని యాడికి పోదామో అది కూడా చెప్పు."

విశ్వాసమ్మ చెంబు లోపలికి తీసుకుపోయింది. రోజూ పొద్దున పొయ్యి వెలిగించకముందు గోడ వైపు తిరిగి మోకాళ్లూనడం ఆమెకు పెళ్లయినప్పటి నుంచి అలవాటు. మర్నాడు కూడా మోకాళ్లూనింది. కళ్లు మూస్తే తెల్లటి ఎముక కనబడింది. దేవుని పేరు నోట్లోనే ఆగిపోయింది. లేచి పనికెళ్లింది. ఆ వారమంతా అంతే.

ఆదివారం కోత పండుగ. పంటలో, కష్టార్జితంలో మొదటి భాగం చర్చికి తెచ్చే పండుగ. శనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్లు, గనివాళ్లయితే నున్నగా పాలిష్ పట్టిన బండ. ఈ సంఘంలో ఒక పద్ధతి ఉంది, చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఎవరికీ చదువు రాని కాలంలో మొదలైంది. కానుక తెచ్చినవాళ్లు నేరుగా లోపలికి రాకూడదు. గడప దగ్గర ఒక పెద్ద ముత్తైదువో విధవరాలో నిలబడి ఏమి తెచ్చావు, ఎందుకు తెచ్చావు అని అడుగుతుంది. వాళ్లు చెప్పింది లోపలికి కేకేసి చెబుతుంది. సంఘమంతా ఆమెన్ అంటుంది. అప్పుడే కానుక గడప దాటుతుంది. ఒకసారి ఆమెన్ పడ్డాక ఆ కారణాన్ని ఎవరూ మార్చకూడదు. విశ్వాసమ్మ అత్త ఆ పని చేసేది, అత్త తర్వాత విశ్వాసమ్మ.

ఆ రోజు తెల్లచీర కట్టుకుని, రెక్క నొప్పికి చెయ్యి సగమే లేస్తుండగా, గడప మీద నిలబడింది. కాలనీ చిన్నకోడలు నిస్సీ ముందొచ్చింది.

"ఏమి తెచ్చినావే?"

"కోడి, అత్తా."

"ఎందుకు?"

"మా ఆయన తాగుడు మానినందుకు."

"మానినాడా, తగ్గించినాడా? లోపల అరిచి చెప్పాల్సింది నేను. దేవునికి అబద్ధం నా నోటితో చెప్పించొద్దు."

నిస్సీ కోడి వైపు చూసింది. "తగ్గించినాడు."

"నిస్సీ, మొగుడు తాగుడు తగ్గించినందుకు, కోడి!"

లోపల నవ్వులు, నవ్వుల మధ్యే "ఆమెన్!" ఆ మొగుడు ఎక్కడ కూర్చున్నాడో అందరూ వెతికారు.

గాబ్రియేలు చివర్లో వచ్చాడు. కొమ్ములకు రంగేసి, మెడకు బంతిపూల దండ వేసిన పొట్టేలు. వెనక ఇద్దరు మనుషులు. లోపల జనం మెడలు చాచి చూశారు. అంత పెద్ద కానుక ఆ సంఘంలో ఎప్పుడూ రాలేదు.

"ఏమి తెచ్చినావు నాయనా?"

"కనపడడంల్యా? పొట్టేలు."

"ఎందుకు?"

"గనిలో రాయి జారి పడినా దేవుడు మా మనుషుల ప్రాణం కాపాడినందుకు."

విశ్వాసమ్మ లోపలికి కేక వెయ్యలేదు.

"చెప్పు చిన్నమ్మా." గాబ్రియేలు గొంతు తగ్గించాడు. "శాము లోపల డోలు కాడ కూర్చున్నాడు, చూస్తాండావు కదా?"

ఆమె చూసింది. శామ్ కూడా ఆమెనే చూస్తున్నాడు, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. లోపల బల్ల మీద తెల్లగుడ్డ, పూలు, ఊరంతా. ఈ మాట ఇక్కడ చెప్పి ఆమెన్ పడితే ఇక అది రాయే. పోలీసులకు రాయి, ఆసుపత్రికి రాయి, చివరికి దేవునికీ రాయి.

ఆమె లోపలికి తిరిగింది.

"గాబ్రియేలు, దేవేంద్రప్ప చెయ్యి విరగ్గొట్టినందుకు, పొట్టేలు!"

"ఆమెన్!"

అలవాటు. పొద్దుటి నుంచి అంటున్న నోళ్లు, విన్నదేమిటో బుర్రకెక్కకముందే అనేశాయి. సగం గుడి అంది. అన్నాక తెలిసింది. ఒక ముసలాయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నిస్సీ కోడిని గట్టిగా పట్టుకుంది.

గాబ్రియేలు కొట్టిన చెంపదెబ్బకు విశ్వాసమ్మ తల ద్వారబంధానికి తగిలింది. పెదవి పగిలింది. కింద పడింది. పడ్డదాన్ని డొక్కలో తన్నాడు. "నా ఉప్పు తిని, నా జాగాలో ఉండి, నా మీదనేనా!" ఇంకో తన్ను. తాడు జారిన పొట్టేలు లోపలికి దూకి శనక్కాయల రాశి మీద, టమాటాల బుట్టల మీద పరుగులు పెట్టింది. ఆడవాళ్లు కేకలు వేశారు.

పాస్టరు జయకుమార్ మైకు పట్టుకుని "సమాధానం, సమాధానం! శాంతించండి, పాట ఎత్తుకోండి!" అన్నాడు. ముందు వరసవాళ్లు నిజంగానే ఎత్తుకున్నారు. గడప మీద ఒక ఆడమనిషి డొక్కలో తన్నులు పడుతుంటే లోపల చప్పట్లతో స్తుతి పాట. ఈ దేశంలో ఏ మతం గుడిలోనైనా ఇదే చూస్తాం. దెబ్బ వినబడకుండా ఉండడానికి పాట గొంతు పెంచుతారు, దానికి భక్తి అని పేరు పెడతారు.

డోలు ఆగింది. శామ్ జనాన్ని తోసుకుని వచ్చాడు. గాబ్రియేలు మనుషులు ప్లాస్టిక్ కుర్చీతో అతని ముఖం మీద కొట్టారు. కుర్చీ విరిగింది, కనుబొమ చీలింది. శామ్ రక్తం తుడుచుకోలేదు. ఎవరో కానుకగా తెచ్చి గోడకానించిన చిన్న బండను రెండు చేతులా ఎత్తాడు. గాబ్రియేలు అతనికి వీపు పెట్టి ఉన్నాడు. తల మీద పడితే ఆ క్షణానే అయిపోయేవాడు.

విశ్వాసమ్మ పాకి కొడుకు కాలు పట్టుకుంది.

"కింద పడెయ్యిరా! ఈసారి నిజంగానే రాయి పడిందంటారు!"

శామ్ పట్టు వదిలేశాడు. బండ పక్కకు పడి రెండు ముక్కలైంది. ఆ చప్పుడుకు పాట ఆగిపోయింది. అప్పటికి మగవాళ్లు నలుగురు లేచొచ్చి గాబ్రియేలును వెనక్కి పట్టుకున్నారు. ఇంత ఆలస్యంగా లేచినందుకు వాళ్లను మెచ్చుకోనక్కర్లేదు.

జయకుమార్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం పని అమ్మా ఇది? ఆరాధన పాడు చేసినావు. ఆ దేవేంద్రప్ప మన సంఘమోడు కూడా కాదే."

"కొట్టింది మన సంఘమోడు కాదా అయ్యగారూ?"

"ఇవన్నీ బయట తేల్చుకోవల్ల. ఇది దేవుని సన్నిధి."

"గనిలో ఆయప్ప మీద నేను పడుకున్నప్పుడు దేవుడు యాడున్నాడు? ఈడ కూర్చోని పాటలు ఇంటాండెనా?" నోట్లోంచి రక్తం ఉమ్మింది. "వారం దినాలు నాకు ప్రార్థన రాలేదయ్యగారూ. ఇప్పుడు వచ్చింది."

జయకుమార్ లోపలికి తిరిగాడు. పొట్టేలును ఎవరైనా పట్టుకోండి అన్నాడు.

ఈ మాట అన్నందుకు ఆమెకు ఏం దక్కిందో దాచాల్సిన పని లేదు. మర్నాడే శామ్ పని పోయింది. నెల తిరక్కుండా జాగా ఖాళీ చేయించారు. ఆరాధనలో అల్లరి చేసిందని సంఘం ఆమెను రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. తల్లీకొడుకులు ఇప్పుడు స్టేషన్ రోడ్డులో ఒక రేకుల గదిలో ఉంటూ, వేరే పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కడుగుతున్నారు. ఉపవాసాలు, మూడు రోజుల ప్రార్థన కూటాలు, ఆకాశాన్నంటే స్పీకర్లు చాలానే ఉన్నాయి మనకు. కొట్టబడ్డవాడి మీద బోర్లా పడుకునే ఆరాధనకు మాత్రం మనుషులు దొరకరు.

ఆ ఆదివారం మాత్రం ఆమె ఇంటికి వెళ్లలేదు. రక్తం మరకల తెల్లచీరతోనే ఆటో ఎక్కింది. శామ్ కనుబొమకు తువ్వాల అదిమిపెట్టుకుని పక్కన కూర్చున్నాడు. బండి కదలబోతుంటే నిస్సీ పరుగెత్తుకొచ్చింది.

"నేనూ వస్తా అత్తా. ఆ పొద్దు గనిలో నేనూ ఉంటి."

"మీ ఆయన ఏమంటాడో?"

"ఏమన్నా అంటే మళ్లీ తాగుతాడు. అంతే కదా."

పోలీస్ స్టేషన్‌లో కానిస్టేబుల్ ఆమె ముఖం చూసి కుర్చీ చూపించాడు. కాగితం తీశాడు.

"ఎవరు కొట్టినారమ్మా?"

"గాబ్రియేలు, మా మేస్త్రీ."

"యాడ? గనిలోనా, గుళ్లోనా? ఒకటి చెప్పు. కలగాపులగం చేస్తే కేసు నిలబడదు."

విశ్వాసమ్మ వాచిన పెదవిని కొంగుతో ఒత్తుకుంది.

"రెండు తావుల్లోనూ కొట్టినాడు సార్. ముందు గనిలోది రాయండి. దేవేంద్రప్ప, పత్తికొండ వైపు మనిషి, కుడిచెయ్యి. రాయి పడలేదు, సమ్మెట కర్ర. నేను చూసినా, ఈ పాప చూసింది. నాది ఆ కిందికి రాసుకుందురు గానీ."