బోర్డు మీద నా పేరు ఎక్కిన రోజు

ఆ సాంబారు ప్యాకెట్ అలా టీపాయ్ మీద పెట్టండి. భయం లేదులెండి, నేను చేసింది కాదు. ఎందుకలా అంటున్నానో చెప్తా, ముందు టీ పొయ్యండి. సోమవారం మా కర్రీ పాయింట్‌లో నా పరువు పోయింది. అయినా ఆ మర్నాటి నుంచి కాలరెగరేసుకుని తిరుగుతున్నాను. రెండూ నిజమే!

మాది అమీర్‌పేట మెట్రో వెనక సందులో, హాస్టళ్ల మధ్య చిన్న షాపు. వంటింట్లో ఇద్దరే. పప్పులు, పచ్చళ్లు యాదమ్మక్క. వేపుళ్లు, కూరలు సలీం భాయ్. ఆయన గుత్తివంకాయ చేస్తే మా గుంటూరు వాళ్లే రెండేసి ప్యాకెట్లు పట్టుకెళ్తారు. సాంబారు మాత్రం నాది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. వండేవాడు ఒకరికి వడ్డించేదాకా నాలిక మీద వేసుకోకూడదని ఆవిడ రూలు. నేను ఇప్పటికీ తప్పను. సాంబారు దించి, చేతులు కడుక్కుని, ముందు కౌంటర్‌ దగ్గర దీపం పెట్టి షట్టర్ ఎత్తుతా. మధ్యాహ్నం రష్ తగ్గాక ముగ్గురం కలిసి తింటాం. అప్పుడు నా సాంబారు నాకే ముద్దొచ్చేది.

పదకొండేళ్లుగా హాస్టల్ పిల్లలు 'అన్నా, మీ చేతి సాంబారు సూపర్' అంటుంటే తలూపాను. ఇంకో మాట ఒప్పుకోవాలి. పప్పు బాగుందన్నా, వంకాయ బాగుందన్నా కూడా తలే ఊపాను. లోపల వేరేవాళ్లు చేశారని చెప్పాలని ఒక్కసారీ తోచలేదు.

పోయిన వారం సలీం భాయ్ నన్ను పక్కకి పిలిచి మెల్లగా ఒక కబురు చెప్పాడు. పంజాగుట్టలో ఎవరో కొత్తగా కర్రీ పాయింట్ తెరుస్తున్నారట, వాళ్ల మనిషి యాదమ్మక్క దగ్గరికి రెండుసార్లు వచ్చి వెళ్లాడట. యాదమ్మక్క లేకపోతే మా షాపు ఏముంది? షట్టరు, నేను, అంతే. జీతం పెంచుదామా అంటే ఇప్పట్లో కుదరదు. ఇంటికెళ్లి ఫోన్‌లో వెతికా. చిన్న వ్యాపారాల్లో ఖర్చు లేకుండా స్టాఫ్‌ని మెచ్చుకోవడం ఎలా అని ఒకాయన వీడియోలు చేశాడు. వరసగా నాలుగు చూశా.

మొదట థాంక్యూ కార్డు. నా చేత్తో రాసి ఇచ్చా. యాదమ్మక్క రెండు చేతులతో తీసుకుంది. మర్నాడు చూస్తే కార్డు మడత పెట్టి గ్రైండర్ కాలి కింద ఉంది, ఊగకుండా. సరే, ఎంప్లాయీ ఆఫ్ ది మంత్ అన్నాను. సలీం భాయ్ ఉల్లిపాయలు తరుగుతూనే అడిగాడు.

"మేం ఇద్దరమే గదా భాయ్. ఒక నెల ఆమెది, ఒక నెల నాది. దీనికి పోటీ ఎందుకు?"

అప్పుడు దొరికింది బోర్డు. మా పైన కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఖాళీ చేస్తూ ఒక వైట్ బోర్డు మెట్ల కింద వదిలేశారు. ఎంత తుడిచినా 'కోర్ జావా, డే 14' అన్నది పూర్తిగా పోలేదు. పోనీలే అని దాని మీదే రాశా. దోసకాయ పప్పు, యాదమ్మ గారు. గుత్తివంకాయ, సలీం భాయ్. ఇంకో రెండు కూరలు, వాటి ఎదురుగా వాళ్ల పేర్లే. ఖర్చల్లా ఒక మార్కర్. అడుగున కాస్త చోటు మిగిలింది. నాకూ ఆశ పుట్టింది. సాంబారు, ప్రసాద్ గారు. ఆ 'గారు' కూడా నేనే పెట్టుకున్నా!

సోమవారం పొద్దున బోర్డు షాపు ముందు పెట్టాను. యాదమ్మక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి తన పేరు ఒక్కో అక్షరం చదువుకుంది. వాళ్లమ్మాయికి వీడియో కాల్ చేసి చూపించింది. సలీం భాయ్ ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత చిన్న పని పదకొండేళ్లు చెయ్యలేదేంటా అనిపించింది.

పన్నెండున్నరకి పిల్లలు దిగారు. 'యాదమ్మ గారి పప్పు ఒకటి', 'సలీం భాయ్ వంకాయ రెండు', పేర్లు పెట్టి మరీ అడుగుతున్నారు. నేను నా సాంబారు గిన్నె మీద గరిటె పట్టుకుని నించున్నా, పెళ్లికొడుకులా.

ఒంటిగంటకి మొదటి కుర్రాడు తిరిగొచ్చాడు. అన్నా, సాంబారు మీరే చేశారా అని అడిగాడు. అవునమ్మా అన్నాను గర్వంగా. అర్థమైందన్నా అని పప్పు కొనుక్కుని వెళ్లిపోయాడు. హాస్టల్లో మాట పాకినట్టుంది, తర్వాత ఇద్దరమ్మాయిలు బోర్డు చదివి, గిన్నెలోకి చూసి, ఒకళ్లనొకళ్లు చూసుకుని వంకాయతో సరిపెట్టుకున్నారు. రెండింటికి మెట్రో అవతల నుంచి ఫోను. రోజూ మా దగ్గర ఇరవై మందికి కూరలు తెప్పించుకునే ఆఫీసు. సాంబారుకేమైంది ప్రసాద్ గారూ, ఇవాళ ఎవరు చేశారు అని అడిగారు. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశా.

మూడింటికి అన్ని గిన్నెలూ ఖాళీ, నా గిన్నె సగానికి పైగా అలాగే ఉంది. ఒక చెంచా నోట్లో వేసుకున్నా. చింతపండు చెంప మీద కొట్టింది. ఉప్పు జాడ లేదు.

"యాదమ్మక్కా, రోజూ ఇలాగే చేస్తాను కదా, ఇవాళేంటి ఇలా ఉంది?"

సలీం భాయ్ మొహం అటు తిప్పుకున్నాడు, నవ్వుతో భుజాలు మాత్రం కదులుతున్నాయి. యాదమ్మక్కే చెప్పింది.

"రోజూ మీరు దీపం పెట్టనీకి పోంగనే జర బెల్లమేసి, ఉప్పు చూసి, మల్ల పోపు పెడుతుంటి సారు. ఇయ్యాల దాని మీద మీ పేరున్నది గదా. మీ పేరున్న గిన్నెల నా చెయ్యి పెడితే మంచిగుండదని ఊకున్న."

పదకొండేళ్లు! రోజూ! ఒక్కరోజు కూడా నాకు తెలియనివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంక దాచుకునేందుకు పరువు మిగల్లేదు కాబట్టి అడిగేశా, పంజాగుట్ట వాళ్ల దగ్గరికి వెళ్లిపోతున్నావా అక్కా అని.

"పిలిచిండ్రు. సోచాయించి చెప్త అన్న. పొద్దుగాల బోర్డు సూసినంక పోబుద్ధి కాలే," అని సాంబారు గిన్నె వైపు చూసింది. "గిప్పుడైతే అస్సలే పోను. నేను పోతే గిదెవరు సూస్తరు?"

నా చెత్త సాంబారు నా షాపుని నిలబెట్టిందండీ. గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి సలీం భాయ్ బోర్డు తిరగరాశాడు. సాంబారు, యాదమ్మ గారు. నా పేరు కోసం వెతికా. అట్టడుగున, కోర్ జావా పక్కన ఉంది: ప్యాకింగ్, ప్రసాద్ గారు. ఏంటిది భాయ్ అంటే, మీ ప్యాకెట్ ఇన్నేళ్లలో ఒక్కటి సుత కారలేదు, అది అబద్ధం కాదు గదా అన్నాడు.

నిజమే! కవర్ మెడ రెండు మెలికలు తిప్పి, రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు వేస్తా. మధ్యాహ్నం ఒక కుర్రాడు బోర్డు చదివి, సాంబారు ప్యాకెట్ తలకిందులు చేసి ఊపి చూసి, అన్నా నిజంగానే సూపర్ అన్నాడు. ఇన్నేళ్లలో నా చేతి పనికి వచ్చిన మెచ్చుకోలు ఆ ఒక్కటే. మిగతావన్నీ యాదమ్మక్కవి. ఏం, నవ్వుతున్నారా? ఆ టీపాయ్ మీది ప్యాకెట్ తీసి తలకిందులు చెయ్యండి. ఒక్క చుక్క కారితే నా పేరు ఆ బోర్డు మీంచి తుడిపించేస్తా.