ఆరు ముఖాల దోమతెర

మా మావగారిని మా ఇంట్లోంచి దోమలు తరిమేసిన సంగతి మీరు వినుండరు. ఆయన మళ్లీ వచ్చినప్పుడు దోమల్నించి కాపాడబోయి నేను నా పరువు నిలువునా ఎలా ముంచుకున్నానో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోనక్కర్లేదు, మా ఆవిడ ఇప్పటికీ ఆపుకోదు.

డెబ్భైల నాటి మాట. విశాఖపట్నంలో, పోర్టుకి దగ్గర్లో, ఓ హైస్కూల్లో లెక్కల మేష్టారుగా చేరాను. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లాం, అద్దె కొంప. కొంప వెనకే గెడ్డ. అందులో నీళ్ల కన్నా దోమలే ఎక్కువ. సబ్బవరం నుంచి మా మావగారు కూతుర్ని చూసుకుందామని వచ్చి, ఒక్క రాత్రి పడుకుని, జ్వరంతో తిరిగెళ్లారు. ఆ తరవాత చాన్నాళ్లు ఇటు తొంగి చూడలేదు. మళ్లీ వస్తున్నానని కబురు పెట్టిన రోజున మా సత్యవతి నన్ను నిలబెట్టి చెప్పింది.

"సూడండి, ఈపాలి గానీ నాన్నని దోమ కుట్టిందా, ఇంక మన గడప తొక్కడు. పుట్టింటి మనిసి మొహం సూసే యోగం నాకుండదు."

అంటూనే కళ్లు తుడుచుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"నేనుండగా నీకేం భయం? దోమతెర కుట్టు. కొలతలు నేనిస్తాను."

"కొలతలేటండీ? పైన ఒక ముక్క, సుట్టూ నాలుగు ముక్కలు. మా ఊల్లో అందరూ అలాగే కుడతారు."

ఇక్కడే నాలోని బీయస్సీ లేచి కూచుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, నేను మరీ ఫస్టు క్లాసులో చదివాను.

"అయిదు ముఖాలతో దీర్ఘఘనం ఎక్కడైనా ఉందా? ఆరుండాలి. నులక మంచం సందుల్లోంచి వచ్చే దోమ సంగతేంటి మరి? కింద కూడా ముక్క వెయ్యి. పన్నెండు అంచులూ గట్టిగా కుట్టు. చీమ దూరే సందుండకూడదు."

సత్యవతి చేతిమిషను ముందేసుకుని చెప్పింది చెప్పినట్టు కుట్టింది.

మావగారు సాయంత్రం బస్సు దిగారు. దీపాలు పెట్టే వేళకి మంచం నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి తెర కట్టి, పరుపు మీద పరిచి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన మంచం చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు. అక్కడా ఇక్కడా తడిమి చూశారు.

"శానా బాగుందండి అల్లుడుగారూ. దారేటి?"

నేనూ ఓ ప్రదక్షిణ చేశాను. కుట్టు మాత్రం దివ్యంగా ఉంది.

"ఏమే, దారి పెట్టలేదా?"

"మీరు సెప్పలేదు కదండీ. లెక్కల్లో ఏదో కిటుకుంటాదనుకున్నాను."

"మరైతే నాను పొద్దున్న బస్సుకెల్లిపోతానమ్మా," అన్నారు మావగారు. సత్యవతి మొహం మాడిపోయింది.

"ఆగండి మావయ్యగారూ," అన్నాను కంగారుగా. "ఓ అంచు విప్పుదాం. మనిషి దూరాక మళ్లీ కుట్టేస్తే సరి."

"ముందు మీరు దూరండి బాబూ. నాను సూత్తాను."

దూరాను. సత్యవతి సూదీ దారం తెచ్చి కుట్టేసింది. బాసింపట్టు వేసుకుని దర్జాగా కూచున్నానో లేదో, చెవి పక్కన గుయ్‌మంది. నాతో పాటు ఒకటి దూరింది. బయట మావగారు సత్యవతి వేసిన వేపాకు పొగలో హాయిగా ఉన్నారు. లోపల నేను చప్పట్లు కొడుతూ ఈ మూలనించి ఆ మూలకి పాకుతున్నాను.

"ఏటి బాబూ, బజన సేత్తన్నారా?"

పరువు పోతున్నా పాఠం మానేవాణ్ణి కాదు. "తెరలో తప్పు లేదండీ. ముఖాలు ఆరు, మూలలు ఎనిమిది, కలిపితే పద్నాలుగు. అందులోంచి అంచులు పన్నెండూ తీసేస్తే రెండు మిగలాలి. అది సూత్రం."

మావగారు తెరలోకి తొంగిచూసి నింపాదిగా అన్నారు.

"సూత్రం తప్పలేదు బాబూ. రెండే మిగిల్నాయి. మీరొకరు, దోమొకటి."

సత్యవతి నవ్వి నవ్వి కత్తెర ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. అది దొరికేదాకా నేనూ ఆ దోమా లోపలే ఉన్నాం.

మావగారు పొద్దున్న బస్సెక్కలేదు. ఈ కథ వీధిలో ఇంటింటికీ చెప్పాలి కదా, వారం పాటు ఉండిపోయారు. రాత్రిళ్లు కింది ముక్క కత్తిరించేసిన తెరలో ఆయన, బయట దోమల్లో నేను. ఆ వారమంతా మా ఆవిడ ఆనందం చూస్తే, ఒళ్లంతా దద్దుర్లతో బడికెళ్లడం నాకు పెద్ద కష్టమనిపించలేదు.

అయినా నా డిగ్రీ పట్టా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. మనిషి దూరాల్సిన వస్తువు ఇక ఈ జన్మలో ఏది చేయించినా ఓ ముఖం తక్కువే వేయిస్తాను. గణితశాస్త్రం నన్ను క్షమించుగాక.